ఆలయద్వారము ముందర ఏ అడ్డు నిలుపవలెను?



మన ఆలయ సంఘపు కార్యవర్గము వచ్చు నెల మొదటి ఆదివారమున కూడి, వీథిలోని వాహనములు ద్వారము మీదికి దూసుకొనిరాకుండ ఎట్టి అడ్డు నిలుపవలెనో తీర్మానింపనున్నది. సభలో అందరును ఒక్కసారిగా మాటలాడుట మన అలవాటు. ఆ సందడిలో లెక్కలు చెప్పిన వినువారుండరు. కావున మా అభిప్రాయమును ముందుగనే ఈ పత్రికలో మనవి చేసికొనుచున్నాము.

కారణము చాలమందికి తెలిసినదే. ఆనాడు రానివారి కొరకు చెప్పుచున్నాము. ఒక శుక్రవారము సాయంకాలము హారతి ముగిసి ప్రసాదము పంచుచుండగా, వీథికి ఆవలి ప్రక్కన ఆలయమువైపు ముఖము చేసి నిలిపియుంచిన యొక కారు కదలినది. నడిపినవారు వయసు మళ్లిన పెద్దమనిషి, మనకు కావలసినవారు. బ్రేకు త్రొక్కబోయి యాక్సిలరేటరు త్రొక్కిరి. కారు కాలిబాట ఎక్కి, మనము అలంకారమునకు పెట్టుకొన్న సిమెంటు పూలతొట్లలో రెంటిని పగులగొట్టి, చెప్పులు విడుచు బల్లను విరిచి, మెట్టును తాకి ఆగెను. మరునాడు ఆయన వచ్చి, "అయ్యగారూ, కాలు బ్రేకు మీదనే పెట్టితిననుకొంటిని" అని చెప్పి, మెట్టుమీద కూర్చుండి చాలసేపు లేవలేదు.

ప్రాణాపాయము కలుగలేదు. ఒక బామ్మగారి కాలికి మాత్రము ఎనిమిది కుట్లు పడినవి. చదువరులు ఒక్క విషయము గమనింపవలెను. ఆమెను కారు తాకలేదు. మన పూలతొట్టి ముక్క ఎగిరివచ్చి తాకినది. ఆదివారము తెలుగుపాఠమునకు వచ్చు పిల్లలు పాఠము విడిచిన పిమ్మట కూర్చుండునది ఆ చెప్పుల బల్లమీదనే. అది శుక్రవారము గనుక పిల్లలు లేరు.

ఇప్పుడు కార్యవర్గము ముందు మూడు ప్రతిపాదనలున్నవి. మొదటిది, మునుపటికంటె పెద్ద పూలతొట్లు పెట్టుట. రెండవది, యొక దాతగారు ఇచ్చెదనన్న చెక్కడపు నల్లరాతి స్తంభములు నిలుపుట. వాని మీద వారి తల్లిదండ్రుల పేరులు చెక్కింపబడును. మూడవది, యొక వర్తకుడు వచ్చి చూపించిన, మీట నొక్కగానే భూమిలోనికి దిగిపోవు ఉక్కు స్తంభములు. రాయబార కార్యాలయముల ముందర ఉండునవి ఇవియేనని అతడు చెప్పినప్పుడు మాలో కొందరి కన్నులు మెరసినవి. ఈ మూటిలో ఏదియు ఇప్పుడున్న రూపమున మనకు తగినది కాదని మా అభిప్రాయము.

మేము ఇంజనీర్లము కాము. మా తాతలు కూలి ఒడంబడికల మీద ఓడ ఎక్కి వచ్చినవారు. మా చదువు తోటలోని తెలుగుబడితో ముగిసినది. ఆ పిమ్మట నేర్చినది అర్చకత్వము. అయినను ఇతరుల సొమ్ము వ్యయము చేయుటకు ముందు విషయము తెలిసికొనుట మన విధియని తోచి, ఇంజనీరు పనిలోనున్న మన పిల్లలను కూర్చుండబెట్టి, వారు తెచ్చిన ప్రమాణగ్రంథములను చదివించుకొని వింటిమి. విన్నదానిని మన మాటలలో చెప్పుచున్నాము.

రథోత్సవమునాడు రథచక్రముల క్రింద చెక్కమొద్దులు వేయువారిని అందరును చూచియున్నారు. రథము మెల్లగా కదలునప్పుడు చిన్న మొద్దు చాలును. పల్లములో వేగమందుకొన్న రథమునకు అదే మొద్దు వేసినచో చక్రము దానిమీదుగా ఎక్కిపోవును, లేదా మొద్దే ఎగిరి వేసినవాని మోకాలికి తగులును. రథము మారలేదు, మొద్దు మారలేదు, వేగము మారినది. బరువు రెట్టింపైనచో ఆపవలసిన శక్తి రెట్టింపగును గాని, వేగము రెట్టింపైనచో ఆ శక్తి నాలుగు రెట్లగును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున వచ్చు కారు, 30 కిలోమీటర్ల వేగమున వచ్చు కారుకంటె రెండింతలు ప్రమాదకరమని మనము తలంతుము. నిజమునకు అది నాలుగింతలు. స్తంభము కొనువాడు ముందుగా అడుగవలసిన ప్రశ్న "ఇది ఎంత లావు?" అని కాదు, "ఎంత బరువుగల బండిని, ఎంత వేగమున వచ్చుచుండగా ఇది ఆపినది?" అని.

"ఆపినది" అను మాటను తెలిసియే వాడితిమి. వర్తకులు 'క్రాష్ రేటెడ్' అను మాటను ధారాళముగా వాడుదురు. దాని సరియైన అర్థమేమనగా, ఆ స్తంభమును, ఆ పునాదితోనే, చెప్పబడిన నేలలో పాతి, నిర్ణీతమైన బరువుగల బండిని నిర్ణీతమైన వేగమున నిజముగా ఢీకొట్టించి, బండి ఎంతదూరము లోనికి చొచ్చుకొనివచ్చెనో కొలిచి వ్రాసిరని. స్తంభము ఉక్కుతో చేయబడినదనుట పరీక్ష కాదు. కంప్యూటరుపై లెక్కవేసి చూచితిమనుటయు, ఢీకొట్టించి చూచితిమనుటయు ఒకటి కావు. పునాది మార్చినచో ఆ పరీక్షాపత్రము మనకు వర్తింపదు. ఇది మాకును ఆశ్చర్యము కలిగించినది. పత్రమునందలి స్తంభము గొప్పదే కావచ్చును, మన మేస్త్రి తవ్వినది రెండడుగుల గుంటయైనచో మనకు దక్కునది రెండడుగుల స్తంభమే.

ఈ పరీక్షలు ఎట్లు పుట్టినవో రెండు మాటలు. 1983 అక్టోబరు 23వ తేదీన బేరూత్ నగరమున పేలుడు పదార్థములు నింపిన లారి యొకటి అమెరికా సైనికుల నివాసములోనికి దూసుకొనిపోయి 241 మంది అమెరికా సైనికులను బలిగొనెను. ఆ పిమ్మట 1985లో అమెరికా విదేశాంగశాఖ తన కార్యాలయముల రక్షణకై అడ్డులను పరీక్షించు పద్ధతిని ఏర్పరచెను. 2007లో ఎ.ఎస్.టి.ఎం. అను ప్రమాణముల సంస్థ ఎఫ్ 2656 అను పేర తన పద్ధతిని వెలువరించినది. బ్రిటనులో పాస్ 68 అను ప్రమాణము వాడుకలోనికి వచ్చెను. 2013లో అంతర్జాతీయముగా ఐ.డబ్ల్యు.ఎ. 14, దాని స్థానమున 2023లో ఐ.ఎస్.ఓ. 22343 వెలువడినవి. మన వర్తకుడు తెచ్చిన కాగితముపై ఎం 50 అని యుండెను. అనగా 6,800 కిలోల లారిని గంటకు 80 కిలోమీటర్ల వేగమున ఢీకొట్టించి చూచిరని. ఎం 40 అనగా 64 కిలోమీటర్లు, ఎం 30 అనగా 48 కిలోమీటర్లు. లారి బరువు మూటికిని అదే.

దాని ప్రక్కన పి 1, పి 2, పి 3 అను గుర్తులుండును. ఇవి చొచ్చుకొనివచ్చిన దూరమునకు గుర్తులు. పి 1 అనగా ఒక మీటరు లోపల, పి 2 అనగా ఏడు మీటర్ల వరకు, పి 3 అనగా ముప్పది మీటర్ల వరకు. లారి విషయమున ఈ దూరమును సామాను మోయు పెట్టె ముందంచు నుండి కొలుతురు గాని ముక్కు నుండి కాదు, ఏలయనగా పేలుడు పదార్థము ఆ పెట్టెలో నుండునని ఆ పద్ధతిని ఏర్పరచినవారి భయము. కాబట్టి పి 1 పొందిన స్తంభమును తాకిన లారి యొక్క ముక్కును, నడుపువాని గదియు నలిగి స్తంభములకు ఇవతలికి చాలదూరము రావచ్చును. రాయబార కార్యాలయమునకు అది విజయము. స్తంభము వెనుకనే నిలిచి చెప్పులు విడుచుకొనుచున్న బామ్మగారికి అది విజయము కాదు. మనము ఏ స్తంభము నిలిపినను, దాని వెనుక కొంత నేల ఖాళీగా విడువవలెను. చెప్పుల బల్లయు, పూలు అమ్ము బల్లయు అచ్చట నుండరాదు.

బాంబులు మోయు లారి మన వీథికి రాదని చెప్పుటకు మేమెవరము? అయినను మనకు నిజముగా వచ్చిన అపాయము వేరు. పెద్దమనిషి కాలు ఒక మీటనుండి మరొక మీటకు జారుటయే. 2003 జూలై 16వ తేదీన అమెరికాలోని సాంటా మోనికా అంగడివీథిలో 86 ఏండ్ల వృద్ధుడు నడుపుచున్న కారు, రహదారికి అడ్డుగా పెట్టిన చెక్క అడ్డును తన్నుకొని జనములోనికి పోగా పదిమంది చనిపోయిరి, అరువదిమందికి పైగా గాయపడిరి. అచ్చట దుర్బుద్ధి గలవాడెవడును లేడు. దుకాణములు, ఫలహారశాలలు, గుడులు, బడులు భయపడవలసినది ఇట్టి కారులకు. అందుకొరకే 2014లో అదే ఎ.ఎస్.టి.ఎం. సంస్థ ఎఫ్ 3016 అను వేరు పద్ధతిని వెలువరించినది. దానిలో లారి లేదు. సుమారు 2,270 కిలోల బండిని గంటకు 16, 32, 48 కిలోమీటర్ల వేగములలో ఢీకొట్టింతురు. వీనికి ఎస్ 10, ఎస్ 20, ఎస్ 30 అని గుర్తులు. ఇందులో పి 1 పొందవలెనన్న బండి 30 సెంటిమీటర్లకు మించి లోనికి రాకూడదు. ఈ పద్ధతి యొకటి కలదని మన వర్తకుడు చెప్పలేదు. చెప్పినచో అతడు అమ్మదలచిన వస్తువు అమ్ముడుపోదు.

అయితే మన వీథి లెక్క ఏమి? మేము ఒక ఉదయము టేపు పట్టుకొని బయలుదేరితిమి. రోటిచనాయ్ కొట్టు యజమాని మమ్ము చూచి గుడి అమ్ముచున్నారా యని యడిగెను. ద్వారమునకు ఎదురుగా వచ్చు చిన్న వీథి, మూల మలుపు నుండి సూటిగా 30 మీటర్లున్నది. అంతకంటె దూరమునుండి వచ్చు బండి ఆ మలుపు తిరుగవలెను, తిరుగుటకు వేగము తగ్గింపవలెను. నిలిచియున్న సాధారణమైన కారు, మీట పూర్తిగా త్రొక్కినచో, సెకనుకు 3 మీటర్ల చొప్పున వేగము పెంచుకొనుచు పోవుననుకొందము. 30 మీటర్లు పోవునప్పటికి అది గంటకు 48 కిలోమీటర్ల వేగమందుకొనును. 1,500 కిలోల కారైనచో దాని శక్తి 1,35,000 జౌళ్లు. ఎస్ 30 పరీక్షలో స్తంభము మీద పడు శక్తి రెండు లక్షల జౌళ్లకు పైచిలుకు. కావున కారుల విషయమున ఎస్ 30 స్తంభము మనకు చాలును, కొంత మిగులును. ఇక ఎం 50 పరీక్షలోని శక్తి సుమారు 16,80,000 జౌళ్లు. మనకు రాగల కారుకంటె పండ్రెండింతలు.

లారి మాట ఏమందురా? ఉదయము కూరగాయలు దింపు లారీలును, చెత్త తీసికొనిపోవు లారియు ఆ వీథిలోనికి వచ్చునవే. బరువుగల లారి మెల్లగా వేగమెత్తును. సెకనుకు ఒక మీటరు చొప్పుననుకొన్నచో 30 మీటర్లలో గంటకు 28 కిలోమీటర్లు దాటదు. 6,800 కిలోల లారికి అప్పటి శక్తి కూడ రెండు లక్షల జౌళ్లకు పైచిలుకే. అంకెలు రెండును సరిపోయినవి గదా యని మేము మొదట సంతోషించితిమి. పిల్లలు మమ్ము వారించిరి. కారు ముక్కు క్రిందుగా నుండును, లారి చట్రము ఎత్తుగా నుండును; కారుతో పరీక్షింపబడిన పొట్టి స్తంభము లారి క్రింద వంగిపోవచ్చును. శక్తి సమానమైనంత మాత్రమున ఫలము సమానము కాదు. కావున వీథికి సూటిగా ఎదురుగా నున్న భాగమున మాత్రము లారితో పరీక్షింపబడిన ఎం 30 స్తంభములును, ప్రక్కలకు, అనగా బండి ఏటవాలుగా మాత్రమే రాగల చోట్ల, ఎస్ 30 స్తంభములును నిలుపుట తగునని మా అభిప్రాయము. ఎం 30 పరీక్షలోని శక్తి ఆరు లక్షల జౌళ్లకు పైన. మన లారి లెక్కకు మూడింతలు. అంతకు మించినది కొనుట రక్షణ కాదు, ఆడంబరము.

కాని స్తంభమొక్కటియే అన్నిటికిని మందు కాదు. మన పూర్వుల దేశమునుండి ఇటీవల విన్న వార్తలు మనస్సును కలచివేయుచున్నవి. 2017 ఏప్రిల్ 21వ తేదీన తిరుపతికి సమీపమున ఏర్పేడు పోలీసు ఠాణా ఎదుట గుమిగూడిన రైతుల మీదికి లారి దూసుకొనివచ్చి, విద్యుత్తు స్తంభమును కూల్చి, పదిహేనుమందికి తక్కువ కాకుండ ప్రాణములు తీసెను. 2024 డిసెంబరు 2వ తేదీన హైదరాబాదు సమీపమున, చేవెళ్ల దగ్గర ఆలూరులో, రహదారి ప్రక్కన కూరగాయలు అమ్ముకొనువారి మీదికి లారి వచ్చి కొందరిని చంపి, చెట్టును గుద్దుకొని ఆగెను. ఆ రెండు చోట్లను పెద్ద రహదారియే. బండి పూర్తి వేగమున వచ్చు చోటు. అట్టి చోట దుకాణము ముందరి స్తంభము లెక్కకు రాదు. జనము నిలుచు తావునే రహదారికి దూరముగా మార్చవలెను. 2019 నవంబరు 23వ తేదీన హైదరాబాదు గచ్చిబౌలి వద్ద, ఆ నెల నాలుగవ తేదీననే తెరచిన క్రొత్త వంతెన మలుపులో, గంటకు 40 కిలోమీటర్లకు మించరాని చోట నూరు దాటిన వేగమున వచ్చిన కారు ప్రక్కగోడ దాటి క్రిందపడగా, క్రింది వీథిలో నున్న యొక స్త్రీ మరణించినది. గోడ ఉన్నది, వేగమునకు తగిన గోడ కాదు. అందుకే ముందు వేగము తగ్గించు ఉపాయము చూచి, పిమ్మట అడ్డును కొనవలెనని చెప్పుచున్నాము.

ఆ ఉపాయము మన చేతిలోనే యున్నది, ఒక్క వెల్లిరంగు డబ్బా ఖరీదు. వీథికి ఆవలి ప్రక్కన కారులు ఆలయమువైపు ముఖము చేసి నిలుచుచున్నవి. తప్పు మీట త్రొక్కిన ప్రతి కారును మన ద్వారమువైపే వచ్చునట్లు మనమే గీతలు గీయించుకొంటిమి! అవి వీథి వెంబడి, గోడకు సమాంతరముగా నిలుచునట్లు గీతలు మార్పించినచో, జారిన కాలు కారును ముందరి కారుమీదికి తోయును గాని మనుష్యుల మీదికి తోయదు. నాలుగు కారులకు చోటు తగ్గును. ఆ నలుగురు నడచి రావలెను. ఇందుకు నగరపాలక సంస్థ దేవాన్ బండారాయ వారి అనుమతి కావలెను. దానికి అర్జీ మేము వ్రాసియుంచితిమి.

స్తంభములు నిజముగా ప్రాణములు నిలుపునా యని సందేహించువారికి యొక ఉదాహరణము. 2017 మే 18వ తేదీన న్యూయార్కు నగరపు టైమ్స్ స్క్వేర్‌లో యొక కారు కాలిబాట మీదికెక్కి జనమును త్రొక్కుకొనుచు పోయెను. పదునెనిమిదేండ్ల బాలిక చనిపోయినది, ఇరువదిమంది దాకా గాయపడిరి. ఆ కారును ఆపినవి కాలిబాట అంచున నాటిన ఉక్కు స్తంభములే. దాని చక్రములు కొన్ని గాలిలోనికి లేచి అచ్చటనే నిలిచిపోయెను. స్తంభములు లేనిచోట కారు పోయినది, ఉన్నచోట ఆగినది. ఆనాటి ఛాయాచిత్రము చూచినవారికి వేరు సాక్ష్యము అక్కరలేదు.

ఇప్పుడు సందుల విషయము. మా దృష్టిలో ఇదియే ముఖ్యము. 2024 డిసెంబరు 20వ తేదీన జర్మనీలోని మాగ్డెబర్గు నగరపు క్రిస్మసు సంతకు చుట్టును పెద్ద కాంక్రీటు దిమ్మలు పెట్టియుండిరి. రోగుల బండ్లు వచ్చుటకు విడిచిన త్రోవలోనుండి కారు లోనికి పోయినది, ఆరుగురు చనిపోయిరి. పండ్రెండు దినములకు, 2025 జనవరి 1వ తేదీన, అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ నగరమున బర్బన్ వీథిలో యొక బండి, అడ్డుగా నిలిపిన పోలీసు కారును తప్పించుకొని కాలిబాట మీదుగా పోయి పదునలుగురిని చంపినది. అచ్చట 2017లో నిలిపిన కదలు స్తంభములు ఉత్సవపు పూసలు పడి మొరాయించుటచే, వానిని తీసి క్రొత్తవి నాటుచుండిరి. ఆ క్రొత్తవి కూడ గంటకు 16 కిలోమీటర్ల వేగమునకు మాత్రమే పరీక్షింపబడినవని పత్రికలు వ్రాసినవి. కదలు యంత్రము పూసలకే మొరాయించెనే, మన కౌలాలంపూరు వానలకు ఏమగును? మధ్యాహ్నపు వర్షమునకు మన వీథి లోంకాంగ్ పొంగి కాలిబాట మీదికి వచ్చుట అందరికిని తెలిసినదే. మీట నొక్కగా దిగిపోవు స్తంభమునకు క్రింద గుంట, గుంటలో నీరు, నీరు తోడు పంపు, పంపునకు కరెంటు, కరెంటునకు మరమ్మతు. ఆ మరమ్మతు చేయువాడు పండుగనాడు దొరకడు. మనకు స్థిరమైన స్తంభములే మేలు.

రథము బయటికి రావలెను గదా, అగ్నిమాపక దళము 'బొంబా' వారి బండి లోనికి పోవలెను గదా యని అడుగుదురు. న్యాయమే. ద్వారమునకు నడుమ రెండు మూడు స్తంభములు తాళము తీసి పైకెత్తి తీయదగినవిగా నుండవలెను. అవియు స్థిర స్తంభములవలెనే పరీక్షింపబడినవై యుండవలెను. రథోత్సవమునాడు తీసినవానిని రథము తిరిగి లోనికి వచ్చినంతనే మరల పెట్టుటకు ఒక మనిషిని పేరు పెట్టి నియమింపవలెను. తీసిన స్తంభము మరునాటి వరకు గోడకు జేరబడియుండుట మన అలవాట్లనుబట్టి మేము ఇప్పుడే ఊహింపగలము. తాళపుచెవులు మూడుండవలెను: ఒకటి కార్యాలయమున, ఒకటి అర్చకుల యొద్ద, ఒకటి కావలివాని యొద్ద. తైపూసము నాడు శ్రీ మహామారియమ్మన్ ఆలయమునుండి బత్తుమలైకి వెండి రథము సాగునప్పుడు పోలీసువారు రహదారులను మూసి కాపాడుదురు. మన చిన్న గుడి ఉత్సవమునకు ఆ భాగ్యము లేదు, కావలి మనదే.

స్తంభములు దగ్గరదగ్గరగా నాటినచో బండ్లు రావు, మనుష్యులును రారు. రెండు స్తంభముల నడుమ ఖాళీ 1,200 మిల్లీమీటర్లకు మించరాదని ఈ శాస్త్రమునందలి వాడుక. మించినచో చిన్న కారు దూరిపోవును. చక్రాల కుర్చీకి సుమారు 900 మిల్లీమీటర్ల త్రోవ కావలెను. ఈ రెండు అంకెల నడుమ మనకు కావలసినంత చోటున్నది. నల్లరాతి స్తంభముల చిత్తరువులో ఖాళీ 700 మాత్రమే యున్నది. ఆ బామ్మగారు ఇప్పుడు కుర్చీలోనే వచ్చుచున్నారు. ఆమెను కాపాడుటకు కట్టిన అడ్డు ఆమెనే వీథిలో నిలుపరాదు. మోటారుసైకిళ్లు 1,200లో కూడ దూరును. అవి కాకి లిమా మీదుగా పోవుట మరొక పత్రికా వ్యాసమునకు చాలినంత బాధ. ఈ స్తంభములు దానికి మందు కావు.

నేల మాట మరువరాదు. కాలిబాట మనది కాదు, నగరపాలక సంస్థది. దాని క్రింద విద్యుత్తు తీగలు, నీటి గొట్టములు, మురుగు కాలువలు పోవుచున్నవి. లోతు పునాది గల పెద్ద స్తంభమునకు మీటరుకు పైగా తవ్వవలసియుండును. లోతు తక్కువ పునాదితో, ఒక అడుగు మాత్రము తవ్వి, వెడల్పుగా ఇనుప చట్రము పరచి కాంక్రీటు పోసి నిలుపునవి కూడ కలవు. వానిని కూడ అట్లే ఢీకొట్టించి పరీక్షించుదురు. మన నేలకు అట్టివే తగును. తవ్వుటకు ముందు క్రింద ఏమి పోవుచున్నదో సర్వే చేయింపవలెను. ఆ ఖర్చు దండుగయని అనువారు, గొట్టము పగిలిననాడు గర్భగృహములోనికి నీళ్లు వచ్చినచో ఏమందురో?

ఇక దాతగారి నల్లరాతి స్తంభములు. వారి భక్తిని మేము శంకించుటలేదు. వారి తండ్రిగారు తోటలో తమ కూలిలోనుండి నెలనెలకు డబ్బు కూడబెట్టి ఈ గుడికి తొలి గంట కొనిపెట్టినవారు. అయినను రాయి బరువుగా నుండుట వేరు, నేలలో పట్టు గలిగియుండుట వేరు. ఉలి తగిలిన రాయి ఢీకి పగులును. పగిలిన ముక్క ఎచ్చటికి పోవునో బామ్మగారి కాలు చెప్పును. పాతకాలపు ఆంధ్రదేశపు పల్లెలలో ఎడ్లబండి ఇరుసు గోడకు తగులకుండ ఇంటి మూల రాయి పాతెడివారని మా తాతలు చెప్పగా వింటిమి. అది ఎద్దు నడకకు తగిన రాయి. దాతగారికి మా విన్నపము: ఆ నల్లరాతి శిలలను లోపలి మండపమున నిలిపి, తల్లిదండ్రుల పేరులు అచ్చటనే చెక్కింపుడు, ఆ డబ్బులో కొంత ఈ ఉక్కు స్తంభములకు ఇండు. ఉక్కు స్తంభముల మీద ఎవరి పేరును వద్దు. పేరు పెట్టిన స్తంభము వంగినప్పుడు దానిని తీసి మార్చుటకు మన సంఘములో ఎవరికిని ధైర్యము చాలదు. వంగిన స్తంభము తన పని చేసినదే. కాని రెండవసారి చేయజాలదు. వెంటనే మార్పవలసినదే.

వర్తకుడు ఎవరైనను, డబ్బు ఇచ్చుటకు ముందు కార్యవర్గము అతనియొద్ద పరీక్షాపత్రమును పూర్తిగా అడిగి తీసికొనవలెను. ఏ ప్రయోగశాలలో, ఏ సంవత్సరమున, ఏ బరువు బండితో, ఎన్ని స్తంభములను కలిపి, ఏ పునాదిపై పరీక్షించిరో అందులో నుండును. మొదటి పుట మాత్రము చూపి మిగిలినది రహస్యమనువానికి టీ ఇచ్చి పంపివేయవలెను. పత్రమును చదువుటకు లైసెన్సు గల ఇంజనీరునకు రుసుము ఇచ్చి నియమించుట మంచిది; పైన మేము వేసిన లెక్కలు సభలో మాటలాడుటకు చాలును గాని పునాది తవ్వుటకు చాలవు.

సభ జరిగి, అనుమతులు వచ్చి, స్తంభములు నిలుచునప్పటికి కొన్ని మాసములు పట్టును. అంతవరకు చెప్పుల బల్లను గోడకు లోపలివైపు మార్చితిమి. పగులక మిగిలిన పూలతొట్లను వెనుకటి తోటలోనికి తీయించితిమి. శుక్ర ఆదివారములలో హారతి వేళ వీథి ఆవలి ప్రక్కన కారులు నిలువకుండ చూచుటకు ఇద్దరు చొప్పున వంతులు వేసితిమి. వంతుల పట్టిక కార్యాలయము ముందరి పలకపై నున్నది. రెండవ, నాలుగవ శుక్రవారములకు ఇంకను ఒక్కొక్క మనిషి కావలసియున్నారు.